భాగం 7: గీతలు పడకుండా కారు కడగడం – రాపిడి, ఉపరితలం, నీరు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు

• కారు రంగులోని పొరల నిర్మాణాన్ని వివరించగలుగుతారు.
• రంగుపై గీతలు ఎందుకు పడతాయో, అవి మన కంటికి ఎలా కనబడతాయో చెప్పగలుగుతారు.
• కఠినజలం, సబ్బు, డిటర్జెంటు చేసే పనుల్లోని తేడాలను గుర్తించగలుగుతారు.
• తక్కువ నీటితో, గీతలు పడకుండా కారు కడిగే పద్ధతిని క్రమంగా పాటించగలుగుతారు.

7.1 పరిచయం

గత భాగాలలో కాఠిన్యం, ఘర్షణ, తలతన్యత అనే మూడు భావనలను విడివిడిగా చదివారు. ఈ మూడూ ఒకేచోట కలిసి పనిచేసే సందర్భం మన వీధిలోనే రోజూ కనబడుతుంది. అదే కారు కడగడం.

కారు కడగడానికి కూడా పాఠం కావాలా అని మీకు అనిపించవచ్చు. ఒక విషయం గమనించండి. కొత్త కారును మొదటి ఏడాది ఎండలో నిలబెట్టి చూడండి. సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడు వంటి సన్నని గీతలు కనబడతాయి. ఆ గీతల్లో చాలా భాగం దారిలో పడినవి కావు. కారును శుభ్రం చేసేటప్పుడు పడినవి. అంటే, బండిని బాగా చూసుకోవాలనుకునే మనిషి చేతిలోనే బండి మెరుపు పోతున్నది.

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు ట్యాక్సీ నడుపుతూ చదువుకుంటున్నవారు కావచ్చు. కొందరు సర్వీసింగ్ కేంద్రంలో పనిచేస్తూ ఉండవచ్చు. తెల్లవారుజామున అపార్టుమెంట్లలో కార్లు తుడిచి, ఆ సంపాదనతో ఫీజు కడుతున్నవారు కూడా ఉండవచ్చు. కారు మీ సొంతమైనా, మీరు పనిచేసే చోటిదైనా, రంగు చెడితే ఆ నష్టం ఎవరో ఒకరు భరించాలి. అమ్మకం ధర తగ్గుతుంది. లేదా "గీతలు నువ్వే పెట్టావు" అన్న మాట కడిగిన మనిషి పడాలి. కారణం తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి.

7.2 కారు రంగు నిర్మాణం

మనం రంగు అని పిలిచేది ఒక్క పొర కాదు. ఉక్కు రేకుపై సాధారణంగా ఈ క్రమంలో పొరలు ఉంటాయి.

(అ) ఫాస్ఫేటు పొర: రేకుకు రంగు బాగా అంటుకోవడానికి, తుప్పు నిరోధానికి రసాయనికంగా ఏర్పరచే అతి పలచని పొర.

(ఆ) ఎలక్ట్రోకోట్: రేకును రంగు తొట్టిలో ముంచి విద్యుత్తు ప్రసరింపజేసి ఏర్పరచే పొర. మందం సుమారు 20 మైక్రాన్లు. తుప్పు నుంచి ముఖ్యమైన రక్షణ ఇదే.

(ఇ) ప్రైమర్: ఎగుడుదిగుడులను సమం చేసే పొర. సుమారు 30 నుంచి 35 మైక్రాన్లు.

(ఈ) బేస్ కోట్: మన కంటికి కనబడే ఎరుపు, నీలం, వెండి రంగు ఇదే. సుమారు 15 మైక్రాన్లు.

(ఉ) క్లియర్ కోట్: రంగులేని పారదర్శకమైన పాలిమరు పొర. సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు.

ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం దాదాపు 50 నుంచి 100 మైక్రాన్లు. అంటే కారుకు మెరుపునిచ్చే క్లియర్ కోట్ మందం ఒక వెంట్రుక మందాన్ని మించదు. మెరుపుతో పాటు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు కూడా ఈ పొరలోనే ఉంటాయి.

గీతలు పడితే పాలిష్ చేయిస్తే పోతాయి కదా అంటారు. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీసి సమం చేయడం. ప్రతిసారీ కొంత పొర శాశ్వతంగా పోతుంది. చర్మం మీది గాయంలాగా అది తిరిగి పెరగదు. కాబట్టి క్లియర్ కోటును ఖర్చు పెట్టుకునే అవకాశమే తప్ప మళ్లీ సంపాదించుకునే వీలులేని నిధిగా భావించండి.

7.3 గీత ఎలా పడుతుంది?

7.3.1 కాఠిన్యం

జర్మనీ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ మోస్ 1812లో ప్రతిపాదించిన కాఠిన్య కొలమానం మీకు తెలిసిందే. ఎక్కువ కాఠిన్యం గల పదార్థం తక్కువ కాఠిన్యం గల దానిపై గీత పెడుతుంది. ఈ కొలమానంలో వజ్రం 10, క్వార్ట్జ్ 7, మామూలు గాజు సుమారు 5.5, మన గోరు సుమారు 2.5.

హైదరాబాదు నగరం గ్రానైటు శిలలపై ఉన్నది. గ్రానైటులో ముఖ్య ఖనిజాలు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఆ రాళ్లు శిథిలమై ఏర్పడిన మట్టిలో, రోడ్డు దుమ్ములో, ఇంటి నిర్మాణానికి వాడే ఇసుకలో క్వార్ట్జ్ కణాలుంటాయి. అవి గాజునే గీయగలవు. పాలిమరుతో చేసిన క్లియర్ కోట్ గాజు కంటే ఎంతో మెత్తనిది. రంగు పొరల కాఠిన్యాన్ని మోస్ కొలమానంతో కాక, వేర్వేరు గట్టిదనం గల పెన్సిళ్లతో గీసి పరీక్షిస్తారంటేనే అది ఎంత మెత్తనిదో ఊహించుకోవచ్చు.

7.3.2 పీడనం

దుమ్ము కారుపై ఊరకే ఉంటే గీత పడదు. మనం గుడ్డతో నొక్కి లాగినప్పుడు పడుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. గుడ్డపై చేతితో 5 న్యూటన్ల బలం ప్రయోగించామనుకుందాం. ఇది దాదాపు అర కిలో బరువుకు సమానం. ఆ బలం ఒక చదరపు సెంటీమీటరు, అంటే 100 చదరపు మిల్లీమీటర్లపై సమంగా పంచుకుంటే పీడనం స్వల్పమే. గుడ్డకింద కొన్ని ఇసుక రేణువులుండి, వాటి మొనలు తాకే మొత్తం వైశాల్యం 0.01 చదరపు మిల్లీమీటరు మాత్రమే అయితే, అదే బలానికి పీడనం 10,000 రెట్లు పెరుగుతుంది. చేయి మెల్లగానే ఆనించినా రేణువు మొన మాత్రం ఉలిలాగా పనిచేస్తుంది.

దీని నుంచి మూడు నియమాలు వస్తాయి. మొదటిది: తాకడానికి ముందే రేణువులను తొలగించాలి. రెండవది: మిగిలిన రేణువులు రంగుకు ఆనకుండా గుడ్డ పోగుల్లోకి ఒదిగిపోవాలి. మూడవది: నొక్కే బలం తగ్గాలి. ఈ పాఠంలో రాబోయే ప్రతి సూచనా ఈ మూడింటిలో ఒకదానికి చెందినదే.

7.3.3 వలయాలుగా ఎందుకు కనబడతాయి?

గుండ్రంగా తుడవడం వల్లనే వలయాకార గీతలు పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. నునుపైన తలం కాంతిని ఒకే దిశలో పరావర్తనం చేస్తుంది. గీత అంచులు కాంతిని పక్కకు మళ్లిస్తాయి. దీపం ప్రతిబింబానికి అడ్డంగా ఉన్న గీతల నుంచి మళ్లిన కాంతి మాత్రమే మన కంటికి చేరుతుంది. ఆ ముక్కలన్నీ కలిసి దీపం చుట్టూ వలయాల్లా తోస్తాయి. మీరు పక్కకు జరిగి చూడండి, వలయాలు కూడా మీతో పాటు జరుగుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోటుకు ఏమవుతుంది?
2. గ్రానైటు ప్రాంతపు దుమ్ము రంగుకు ఎందుకు హానికరం?

7.4 నీరు, సబ్బు చేసే పని

7.4.1 తలతన్యత

25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్వచ్ఛమైన నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. అందుకే నీరు బొట్లుగా నిలుస్తుంది, మురికి కిందకు సులభంగా చొరబడదు. డిటర్జెంటు కలిపితే తలతన్యత సగానికి పైగా తగ్గుతుంది. డిటర్జెంటు అణువులో ఒక కొస నీటిని, మరో కొస నూనెను కోరుకుంటుంది. నూనెకొసలు జిడ్డును చుట్టుముట్టి దానిని రంగు నుంచి విడదీస్తాయి. అవే అణువులు గుడ్డకూ రంగుకూ మధ్య జారుడు పొరలా నిలిచి ఘర్షణను తగ్గిస్తాయి. కారు షాంపూలో ఈ రెండవ గుణమే మనకు ముఖ్యం.

7.4.2 బట్టల పొడి ఎందుకు వద్దు?

బట్టలు ఉతికే పొడిలో సోడియం కార్బొనేటు వంటి క్షార పదార్థాలుంటాయి. దాని ద్రావణం పి.హెచ్. విలువ సాధారణంగా 10 పైన ఉంటుంది. అది రంగుపై వేసిన మైనాన్ని తొలగిస్తుంది, రబ్బరు అంచులను క్రమంగా కాంతిహీనం చేస్తుంది. పూర్తిగా కరగని పలుకులు గుడ్డలో చిక్కుకుంటాయి కూడా. బట్టల సబ్బు బిళ్ల వాడితే మరో ఇబ్బంది ఉంది. సబ్బు కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియంలతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. అందుకే పి.హెచ్. 7కు దగ్గరగా ఉండే కారు షాంపూ మేలు. సీసాపై రాసిన మోతాదు చాలు. ఎక్కువ పోస్తే నురగ పెరుగుతుంది, దానిని కడగడానికి నీరు కూడా పెరుగుతుంది.

7.4.3 కఠినజలం మరకలు

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ సూచించిన మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మన బోరునీరు చాలాచోట్ల కఠినమైనదే. లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీటిలో 100 మిల్లీలీటర్లు కారుపైనే ఆవిరైతే, సుమారు 60 మిల్లీగ్రాముల లవణాలు తెల్లని చుక్కలుగా మిగులుతాయి. నీరు ఆవిరవుతుంది కానీ లవణం ఆవిరి కాదు. కాబట్టి కారును గాలికి ఆరనివ్వకూడదు, గుడ్డతో తడి తీయాలి.

7.5 కడిగే విధానం

కావలసినవి: 15 లీటర్ల బకెట్లు రెండు, చక్రాలకు వేరే చిన్న బకెట్టు, కారు షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు లేదా ఐదు, ఒక పెద్ద ఆరబెట్టే టవలు, మగ్గు లేదా పైపు.

మైక్రోఫైబర్ గురించి ఒక మాట. దాని పోగు ఒక డెనియర్ కంటే సన్నం. అంటే 9,000 మీటర్ల పోగు తూచినా ఒక గ్రాము ఉండదు. పాలియెస్టర్, పాలిఅమైడ్ పోగులను చీల్చి తయారుచేసిన ఈ గుడ్డ పోగుల సందుల్లోకి రేణువులు ఒదిగిపోతాయి. పాత బనియను, పాత చీర ముక్క మెత్తగానే ఉంటాయి. కానీ వాటి నేత చదునుగా ఉంటుంది కాబట్టి రేణువు గుడ్డకూ రంగుకూ మధ్యనే ఉండిపోతుంది.

మెట్టు 1: నీడ, చల్లదనం. బానెట్‌పై అరచేయి ఆనించండి. హాయిగా ఉంచలేకపోతే ఇంకా కడగవద్దు. వేడి రేకుపై షాంపూ, నీరు మనం తుడిచేలోపే ఎండి మరకలవుతాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉదయమే ఈ పని ముగించడం మంచిది.

మెట్టు 2: ముందుగా చక్రాలు. బ్రేకుల నుంచి రాలిన లోహపు పొడి చక్రాలపై పేరుకుంటుంది. వాటిని వేరే బకెట్టు, వేరే గుడ్డతో కడగండి. ఆ గుడ్డను మరెన్నడూ రంగుకు తగలనివ్వకండి.

మెట్టు 3: తాకకుండా నీటితో తడపడం. పై కప్పు నుంచి కిందికి నీరు పోయండి. తలుపుల కింది భాగం, చక్రాల పైఅంచులు, బంపర్లకు ఎక్కువ నీరు కావాలి. మట్టి ఎండి గట్టిగా ఉంటే షాంపూ నీరు చల్లి రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. తోటకు వాడే చేతి స్ప్రేయరు దీనికి సరిపోతుంది. పురుగుమందు కొట్టిన స్ప్రేయరును మాత్రం ఎంత కడిగినా వాడవద్దు. నానిన తర్వాత మళ్లీ నీరు పోయండి. ఈ మెట్టుపై పెట్టిన శ్రద్ధే గీతలను ఎక్కువగా తగ్గిస్తుంది.

ప్రెషర్ పంపు ఉంటే నాజిల్‌ను కనీసం ఒక అడుగు దూరంలో ఉంచండి. రంగు పెచ్చులూడిన చోట, స్టిక్కర్ల అంచుల వద్ద సూటిగా కొట్టకండి.

మెట్టు 4: రెండు బకెట్ల పద్ధతి. ఒక బకెట్టులో షాంపూ నీరు, రెండవదానిలో మంచినీరు తీసుకోండి. గుడ్డను షాంపూలో ముంచి అర తలుపు మేర తుడవండి. తిరిగి షాంపూలో ముంచే ముందు మంచినీటి బకెట్టులో జాడించి పిండండి. రేణువులు రెండవ బకెట్టు అడుగున చేరతాయి. పని ముగిశాక ఆ నీటిని వంచి అడుగున చేరిన ఇసుకను చూడండి. ఒకే బకెట్టుతో కడిగి ఉంటే ఆ ఇసుకంతా గుడ్డతో పాటు కారుపైకే తిరిగి వచ్చేది.

మెట్టు 5: పై నుంచి కిందికి. పై కప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైభాగం, చివరగా తలుపుల కింది భాగం, బంపర్లు. చేతి బరువు తప్ప వేరే ఒత్తిడి వద్దు. ఒకే దిశలో తిన్నగా లాగండి. మరక పోకపోతే గట్టిగా రుద్దడం కంటే మరికొంత సేపు నానబెట్టడమే దారి. గుడ్డ కింద పడితే దానిని పక్కన పెట్టి మరొకటి తీసుకోండి.

మెట్టు 6: చివరి నీరు, తడి తీయడం. పై నుంచి నీరు ధారగా, మెల్లగా పోస్తే అది రేకులాగా జారిపోయి తక్కువ బొట్లు మిగులుతాయి. తర్వాత టవలును పరిచి, మెల్లగా లాగండి లేదా అద్ది ఎత్తండి.

మెట్టు 7: గుడ్డల సంరక్షణ. మైక్రోఫైబర్ గుడ్డలను నూలు బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం వద్దు. అది పోగుల సందులను మూసివేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. రెండవ బకెట్టు ప్రయోజనం ఏమిటి?
4. మరక మొండిగా ఉంటే ఏం చేయాలి? ఎందుకు?

7.6 కొన్ని ప్రత్యేక సందర్భాలు

పొడి దుమ్ము: ఈకల కుంచెతో గాని, పొడిగుడ్డతో గాని దులపడం గీతలకు దగ్గరి దారి. నీరు లేకపోతే దుమ్మును అలాగే వదిలేయండి. దుమ్ము పట్టిన కారుకు నష్టమేమీ లేదు. దుమ్ముతో రుద్దిన కారుకే నష్టం.

పక్షి రెట్టలు: వీటిలో యూరిక్ ఆమ్లం, గట్టి పలుకులు ఉంటాయి. ఎండలో వదిలితే రంగుపై మచ్చ పడుతుంది. గోటితో గీకవద్దు. తడిగుడ్డను దానిపై ఐదు పది నిమిషాలు పరచి ఉంచి, మెల్లగా ఎత్తండి.

పసుపు మరకలు: ఆయుధపూజ నాడు కారుకు పసుపు, కుంకుమ పెడతాం. పసుపులోని కర్కుమిన్ క్షారంలో ఎర్రగా మారుతుంది. పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేయడంలో ఉన్న సూత్రం ఇదే. తెల్లకారుపై పసుపు మరకను బట్టల పొడితో కడిగితే మరక ఎర్రబడటానికీ కారణం ఇదే. షాంపూతో కడిగి వదిలేయండి. కర్కుమిన్ వెలుతురుకు విచ్ఛిన్నమవుతుంది కాబట్టి మిగిలిన పచ్చదనం ఎండకు క్రమంగా తగ్గుతుంది.

సిమెంటు దుమ్ము: తాండూరు, హుజూర్‌నగర్ వంటి సిమెంటు పరిశ్రమల ప్రాంతాల్లోనూ, నిర్మాణాల పక్కన నిలిపిన కార్లపైనా ఇది చేరుతుంది. కొద్ది తడి తగిలితే క్షారంగా మారి గట్టిపడుతుంది. కాబట్టి తడిగుడ్డతో తుడవకుండా, ధారాళంగా నీరు పోసి కొట్టుకుపోయేలా చేయాలి.

సముద్రపు గాలి: విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో గాలిలోని ఉప్పు తుప్పును త్వరితం చేస్తుంది. రంగుతో పాటు కారు అడుగు భాగాన్ని కూడా మంచినీటితో కడగాలి.

7.7 నీరు, కడిగే మనిషి

మీ పైపుతో 15 లీటర్ల బకెట్టు నిమిషంలో నిండితే, 20 నిమిషాలు పైపు వదిలినప్పుడు 300 లీటర్లు పోతాయి. పై పద్ధతిలో రెండు బకెట్లు, తడపడానికీ చివర పోయడానికీ మరో మూడు బకెట్లు వేసుకున్నా 75 లీటర్లు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు నీటి సరఫరా మండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. ఇది పక్క రాష్ట్రపు ముచ్చటగా భావించి వదిలేయదగినది కాదు.

ఇక కడిగే మనిషి సంగతి. అపార్టుమెంటులో ఒక వ్యక్తి ఉదయం రెండు గంటల్లో ఇరవై కార్లు తుడవాలంటే ఒక్కో కారుకు దక్కేది ఆరు నిమిషాలు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. మొదటి కారు ఇసుక రెండవ కారుపైకి, అన్నింటి ఇసుక ఇరవయ్యో కారుపైకి చేరుతుంది. అప్పుడు పడే గీతకు ఆ మనిషి చేయి కారణమా, ఆ ఏర్పాటు కారణమా? ఇంతవరకు చదివిన మీరు జవాబు చెప్పగలరు.

మీరు కారు యజమాని అయితే రోజూ తుడవమనడం మానండి. వారానికి ఒకసారి సరిగా కడగమనండి, జీతం మాత్రం తగ్గించకండి. మీ కారుకు ప్రత్యేకంగా గుడ్డలు, షాంపూ కొని ఇవ్వండి. మీరే కడిగేవారైతే ఈ కారణాలను యజమానికి ధైర్యంగా చెప్పండి. రోజూ క్షారపు నీటిలో నానే చేతుల చర్మం పగులుతుంది. రబ్బరు తొడుగులు వేసుకోండి. రంగు పొరకు ఇంత రక్షణ ఆలోచించిన మనం చేతి చర్మానికి ఆలోచించకపోవడం న్యాయం కాదు.

7.8 సారాంశం

కారు మెరుపుకు ఆధారమైన క్లియర్ కోట్ వెంట్రుక మందాన్ని మించని పాలిమరు పొర. దుమ్ములోని క్వార్ట్జ్ రేణువులు దానికంటే ఎంతో కఠినమైనవి. గుడ్డ ఒత్తిడి రేణువు మొనపై కేంద్రీకృతమైనప్పుడు గీత పడుతుంది. తాకకముందే నీటితో రేణువులను తొలగించడం, రెండు బకెట్లు వాడటం, మైక్రోఫైబర్ గుడ్డను తేలిక చేతితో నడపడం, నీడలో కడిగి వెంటనే తడి తీయడం ముఖ్య సూత్రాలు. సమయం, నీరు, గుడ్డ చాలినంత లేనప్పుడు తుడవకపోవడమే మేలు.

7.9 ప్రగతి పరీక్ష ప్రశ్నలకు జవాబులు

1. కొంత మందం శాశ్వతంగా తగ్గుతుంది.
2. అందులో మోస్ కాఠిన్యం 7 గల క్వార్ట్జ్ రేణువులుంటాయి.
3. గుడ్డలోని రేణువులు షాంపూ నీటిలో కలవకుండా విడిగా చేరతాయి.
4. నానబెట్టాలి. రుద్దితే రేణువులపై పీడనం పెరిగి గీత పడుతుంది.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. కారు రంగులోని పొరలను, వాటి ప్రయోజనాలను వివరించండి.
2. గీతలు పడకుండా కారు కడిగే విధానాన్ని శాస్త్రీయ కారణాలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. వలయాకార గీతలు కనబడటానికి కారణం ఏమిటి?
2. కఠినజలం మరకలు ఎలా ఏర్పడతాయి?
3. పసుపు మరకపై బట్టల పొడి ప్రభావాన్ని తెలపండి.

III. చేసి చూడండి: మీ ఇంట్లోనో, వీధిలోనో ఒక వాహనాన్ని రెండు బకెట్ల పద్ధతిలో కడిగి, రెండవ బకెట్టు అడుగున చేరిన మట్టిని ఆరబెట్టి తూచండి. వాడిన నీటిని లెక్కించండి. ఫలితాన్ని సంపర్క తరగతిలో మీ సహాధ్యాయుల ఫలితాలతో పోల్చండి.